నర్సరీ బడిలో మీ బిడ్డ కాగితాలు: ఏవి దాచాలి? ఎన్నేళ్లు దాచాలి?



"పిల్లవాడు బడి విడిచి మూడేళ్లయింది, ఇంకా వాడి కాగితాలెందుకు?" అని నర్సరీ బడివారు అనుకుంటారు. "అన్నీ బడిలో ఇచ్చేశాం గదా, వాళ్ల దగ్గర భద్రంగా ఉంటాయిలే" అని తల్లిదండ్రులు అనుకుంటారు. ఈ రెండు తలంపుల మధ్య ఎందరో చిన్నారుల కాగితాలు చెదల పాలవుతున్నాయి. కొన్ని పాత పేపర్ల వాని తక్కెడలో పడి, చివరికి బజ్జీల బండి దగ్గర పొట్లాలుగా తేలుతున్నాయి.

మన సంఘాలలో అనేకం చర్చి ఆవరణలోనే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు నడుపుతున్నాయి. మన కుటుంబాల పిల్లలు అంగన్‌వాడీలకు, ప్రైవేటు ప్లే స్కూళ్లకు కూడా వెళ్తున్నారు. బిడ్డ అక్కడ ఉండేది రెండు మూడేళ్లే. కానీ అక్కడ వ్రాసిన కొన్ని సంగతులు ఆ బిడ్డకు ఇరవై ఏళ్ల తరువాత కూడా పనికి వస్తాయి. మరికొన్ని అవసరం తీరిన తరువాత ఇంకొకరి కంట పడితే బిడ్డకు హాని చేస్తాయి. కాబట్టి అన్నిటినీ దాచడమూ సరికాదు, అన్నిటినీ పారవేయడమూ సరికాదు. ఆ కాగితం బిడ్డకు ఎంతకాలం పనికి వస్తుందో అంతకాలం దాచాలి. మన బీరువాలో చోటును బట్టి కాదు.

కాగితం పోతే ఏమవుతుంది?

ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయం చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉంటుంది. బబులోను నుండి తిరిగి వచ్చినవారిలో కొన్ని యాజక కుటుంబాలు తమ వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెదికాయి. అవి దొరకలేదు. ఆ కారణం చేత వారు యాజక సేవకు దూరంగా ఉండవలసి వచ్చింది. వారు అబద్ధం ఆడారని అక్కడ లేదు. చూపించడానికి వ్రాత లేదు, అంతే. మన పిల్లల విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. ఆసుపత్రిలో మేము చూసే నాలుగు సందర్భాలు చెబుతాము.

మొదటిది టీకాలు. ప్రభుత్వ పట్టిక ప్రకారం పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తారు. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్ టీకాలు వస్తాయి. తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16 నుండి 24 నెలల మధ్య మరొకసారి తట్టు, రుబెల్లా టీకా వేస్తారు. 5 నుండి 6 ఏళ్ల మధ్య డీపీటీ బూస్టరు, 10వ యేట, 16వ యేట టీడీ టీకా ఉంటాయి. అంటే నర్సరీ వయసులో ఒక బూస్టరు పడవలసి ఉంది, బడి వయసులో ఇంకా రెండు ఉన్నాయి. కార్డు లేకపోతే ఏది పడిందో, ఏది పడలేదో తల్లి జ్ఞాపకం మీద ఆధారపడాలి. ముగ్గురు పిల్లల తల్లిని "రెండోవాడికి పద్దెనిమిదో నెలలో సూది వేయించావా అమ్మా?" అని అడిగితే ఏమి చెప్పగలదు?

ఈ అవసరం చిన్నతనంతో తీరదు. అమెరికాలో చదువుకు వెళ్లే మన పిల్లలను అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు ఎంఎంఆర్ టీకా రెండు డోసులు పడినట్లు రుజువు అడుగుతాయి. కాగితం లేనివారు రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి ఉందని చూపించాలి, లేదా మళ్లీ టీకా వేయించుకోవాలి. ప్రభుత్వ పట్టికలో ఉన్నది తట్టు, రుబెల్లా టీకా మాత్రమే, అందులో గవదబిళ్లల టీకా కలిసి ఉండదు. ప్రైవేటుగా ఎంఎంఆర్ వేయించినవారు ఆ కార్డును ప్రత్యేకంగా దాచుకోవాలి.

రెండవది కుక్కకాటు. నాలుగేళ్ల బాబును కుక్క కరిచిందనుకుందాం. ముందుగా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28వ రోజులలో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా గాయం చుట్టూ వేయాలి. రెండేళ్ల తరువాత అదే బాబును మళ్లీ కుక్క కరిస్తే ఏమి చేయాలి? మొదటిసారి కోర్సు పూర్తి అయినట్లు కాగితం ఉంటే 0, 3 రోజులలో రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కరలేదు. కాగితం లేకపోతే వైద్యుడు మొదటి నుండి మొదలు పెట్టవలసిందే. బిడ్డకు అన్ని పోట్లు, ఇంటివారికి అన్ని ఖర్చులు తప్పేది ఒక్క చీటీ వల్ల.

మూడవది ఫిట్స్, అలర్జీలు. ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. మా దగ్గరికి తెచ్చినప్పుడు మేము అడిగే మొదటి ప్రశ్నలు ఇవే: ఇంతకు ముందు వచ్చాయా? ఎన్నిసార్లు? ఎన్ని నిమిషాలు ఉన్నాయి? ఒక వైపు కొట్టుకున్నాడా, రెండు వైపులా కొట్టుకున్నాడా? తరగతిలో ఫిట్స్ వచ్చినప్పుడు గడియారం చూసి టీచరమ్మ వ్రాసి పెట్టిన రెండు వరుసలు మాకు ఎంతో ఉపయోగం. ఫలానా మందు పడదు, వేరుశెనగ తింటే దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉంది, సికిల్ సెల్ జబ్బు ఉంది అనే వ్రాతలు కూడా ప్రాణం కాపాడే వ్రాతలే.

నాలుగవది బరువు, ఎత్తు. ఒక్కరోజు చూసిన బరువు అంతగా ఏమీ చెప్పదు. నెల నెలా వ్రాసిన బరువుల గీత చూస్తే బిడ్డ ఎప్పుడు ఆగిపోయిందో తెలుస్తుంది. అంగన్‌వాడీలో వేసే ఎదుగుదల గీత ఇందుకే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల పిల్లలను ఏడాదికి ఒకసారి చూడాలి. గుండె శబ్దంలో తేడా, వినికిడి లోపం, చూపు లోపం వంటివి ఈ పరీక్షలలో బయటపడతాయి. ఆ చీటీ ఒకటవ తరగతికి బిడ్డతో కూడా వెళ్లకపోతే మళ్లీ మొదటికి వస్తుంది.

పుట్టిన తేదీ దగ్గర జరిగే పొరపాటు

"ఈ జూన్‌కే చేర్చుకోండి, రెండు నెలలు ముందుకు వేయండి" అని అడిగే తల్లిదండ్రులు, సరేనని వ్రాసే బడులు మన ప్రాంతంలో కొత్త కాదు. నర్సరీయే గదా అని అనుకుంటారు. ఆ తేదీయే ఒకటవ తరగతి రిజిస్టరులోకి, అక్కడి నుండి పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కుతుంది. ఒకసారి అక్కడ పడిన తేదీని మార్పించడం చాలా కష్టం.

ఇందులో మరొక ప్రమాదం ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షను ప్రకారం, వయసు తేల్చవలసి వచ్చినప్పుడు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్ మొదట చూస్తారు. అవి లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధృవీకరణ పత్రం చూస్తారు. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్షకు వెళ్తారు. 2007 నాటి నిబంధనలు మొదట చేరిన బడి రికార్డును లెక్కలోకి తీసుకోమని చెబుతూ ప్లే స్కూలును మినహాయించాయి. కానీ ప్లే స్కూలులో వేసిన తప్పు తేదీయే పెద్ద బడికి నడిచి వెళ్తే మినహాయింపు ఏమి ఉపయోగం? పదిహేడేళ్ల ఆడపిల్లకు అన్యాయం జరిగిన కేసులో, ఏడాది పెంచి వ్రాసిన తేదీ వల్ల ఆమె "మేజరు" అయిపోతే చిన్నపిల్లలకు చట్టం ఇచ్చే రక్షణ ఆమెకు దక్కకుండా పోవచ్చు.

కాబట్టి జనన ధృవీకరణ పత్రంలో ఉన్న తేదీయే నర్సరీ రిజిస్టరులో వ్రాయించండి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిదే, ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వస్తుంది. పేరు లేకుండా నమోదు చేయించినవారు ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. 2023 సవరణ తరువాత, ఆ సంవత్సరం అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టినవారికి బడి ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు వంటి వాటికి పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే. ఆ పిల్లలు ఇప్పుడు నర్సరీ వయసుకు వస్తున్నారు.

సంఘ కుటుంబాలకు మరొక మాట. బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్నది బాప్తిస్మం పొందిన తేదీ, పుట్టిన తేదీ వేరు. ఇంట్లో పిలిచే పేరు, బాప్తిస్మపు పేరు, ఇంటిపేరు, ఇవన్నీ కలిసి ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా ఉంటే పిల్లవాడు పెద్దయ్యాక తానే తాను అని నిరూపించుకోవడానికి తిరగవలసి వస్తుంది. నర్సరీలో చేర్చే రోజే అక్షరం అక్షరం సరిచూసుకోండి.

జనన పత్రం లేదని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టవద్దు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షను చెబుతుంది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు ఆసుపత్రి లేదా ఏఎన్ఎం రిజిస్టరును, అంగన్‌వాడీ రికార్డును, తల్లిదండ్రుల వ్రాతపూర్వక ప్రకటనను ఆధారంగా చూపవచ్చునని చెప్పాయి. మూడేళ్ల పిల్లలకు ఉంచిన పుస్తకం ఆరేళ్ల వయసులో ఎలా పనికి వస్తుందో దీనిని బట్టి తెలుస్తుంది.

అయితే ఎన్నేళ్లు?

విద్యాహక్కు చట్టం ముఖ్యంగా 6 నుండి 14 ఏళ్ల పిల్లలది. నర్సరీ పుస్తకాలను ఎన్నేళ్లు ఉంచాలో అది చెప్పదు. కాబట్టి ప్రతి నర్సరీ తన నియమం తాను వ్రాసుకోవాలి. అందుకు రెండు ఆధారాలు ఉన్నాయి.

ఒకటి, 1963 నాటి లిమిటేషన్ చట్టం. మైనరుకు నష్టం జరిగితే దావా వేసే గడువు అతనికి 18 ఏళ్లు నిండిన తరువాత లెక్కలోకి వస్తుంది. అలా పొడిగించే కాలం 18 నిండిన తరువాత మూడేళ్లకు మించదు. అంటే మూడేళ్ల పాప బడి మెట్ల మీద పడి చెయ్యి విరిగితే, ఆ సంగతి ఆమెకు 21 ఏళ్లు నిండే వరకు ప్రశ్నగా రావచ్చు. ఆ రోజు ఏమి జరిగింది, ఎవరు ఉన్నారు, ఎన్ని గంటలకు ఆసుపత్రికి తీసుకువెళ్లారు అన్న వ్రాత పాపకూ న్యాయం చేస్తుంది, టీచరుకూ న్యాయం చేస్తుంది.

రెండు, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. కంప్యూటరులో, ఫోనులో ఉంచే సమాచారానికి ఇది వర్తిస్తుంది. 18 ఏళ్ల లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని, ఏ పని కోసం తీసుకున్నారో ఆ పని తీరిన తరువాత, వేరే చట్టం ఉంచమంటే తప్ప, తుడిచివేయాలని దీని సారాంశం.

ఒకటి "ఉంచు" అంటుంది, రెండవది "అనవసరంగా ఉంచకు" అంటుంది. రెండిటినీ కలిపి చూసి, మన నర్సరీ బడులకు మేము ఇచ్చే సలహా ఇది:

1. అడ్మిషన్ రిజిస్టరు: పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చేరిన తేదీ, విడిచిన తేదీ. దీనిని ఎప్పటికీ ఉంచాలి. ఒక్కో బిడ్డకు ఒక్క వరుసే కాబట్టి చోటు కూడా ఎక్కువ పట్టదు.

2. ప్రమాదాల పుస్తకం, బడిలో ఇచ్చిన మందుల వ్రాత, బడి నుండి ఆసుపత్రికి పంపిన చీటీల నకళ్లు: బిడ్డకు 21 ఏళ్లు నిండే వరకు. ప్రతి కవరు మీద "ఫలానా సంవత్సరం వరకు" అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచండి.

3. బిడ్డ మీద దౌర్జన్యం జరిగిందేమోనన్న అనుమానంతో వ్రాసినవి: విడిగా, తాళం కింద, కనీసం 21 ఏళ్లు నిండే వరకు. తీవ్రమైన నేరాలకు కేసు పెట్టే గడువు అంటూ ఉండదు గనుక, ఆ తరువాత కూడా న్యాయవాదిని అడగకుండా తీసివేయవద్దు. కేసు నడుస్తుంటే అది పూర్తిగా ముగిసే వరకు ముట్టుకోవద్దు.

4. టీకా కార్డు, ఆరోగ్య పరీక్ష చీటీల నకళ్లు: బిడ్డ బడిలో ఉన్నంత కాలం, వెళ్లిన తరువాత మరో మూడేళ్లు. అసలు కాగితాలు ఎప్పుడూ తల్లిదండ్రుల దగ్గరే ఉండాలి.

5. హాజరు పట్టీలు: మూడేళ్లు. ఫీజు పుస్తకాలు: మీ ఆడిటరు చెప్పినంత కాలం.

6. బొమ్మలు, రోజువారీ డైరీలు, ఫోటోలు: సంవత్సరం చివర తల్లిదండ్రులకు ఇచ్చివేయండి.

3వ అంశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఒక బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చునని భయపడుతున్నవారు కూడా పోలీసులకు తెలియజేయాలి. దాచిపెట్టడం నేరం. సంఘం పరువు, కుటుంబం పరువు అన్న మాట ఇక్కడ పనికిరాదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. పిల్ల ఏదైనా చెబితే, ఆమె అన్న మాటలను ఆమె అన్నట్లే, తేదీ, సమయంతో వ్రాయండి. మీ ఊహలు కలపవద్దు. మళ్లీ మళ్లీ గుచ్చి అడగవద్దు. పాస్టరు గారికో కమిటీ వారికో చెప్పినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

అసలు అడగకూడనివి, దాచకూడనివి

దాచే కాగితం ఎంత తక్కువైతే పోయే ప్రమాదం అంత తక్కువ. బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని హెచ్ఐవీ ఉందా అని నర్సరీ బడి అడగనక్కరలేదు, వ్రాయనక్కరలేదు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉంది. ఆ కారణంతో బడిలో వివక్ష చూపడాన్ని, సమ్మతి లేకుండా ఆ సంగతి బయట పెట్టడాన్ని అది నిషేధించింది. తరగతిలో కలిసి ఆడుకోవడం వల్ల, కలిసి తినడం వల్ల హెచ్ఐవీ అంటదు. ఏ బిడ్డకైనా దెబ్బ తగిలి రక్తం వస్తే చేతికి తొడుగు వేసుకుని శుభ్రం చేయడం అందరికీ ఒకటే నియమం. అప్పుడు ఎవరి జబ్బు ఏమిటో తెలియవలసిన పని లేదు.

పెంపుడు బిడ్డ, తల్లిదండ్రులు విడిపోయారు, తండ్రి తాగుబోతు వంటి సంగతులు టీచరుకు తెలిసినా అడ్మిషన్ ఫారం మీద వ్రాసి పదిమంది చేతుల్లో తిప్పవద్దు. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. కాబట్టి కుటుంబం మొత్తం ఆధార్ జిరాక్సులు ఫైలులో పోగు చేయడం వల్ల బడికి బరువే తప్ప లాభం లేదు.

వాట్సాప్ గ్రూపు కూడా రికార్డే. "ఫలానా బాబుకు గజ్జి వచ్చింది, జాగ్రత్త" అని పేరుతో గ్రూపులో పెడితే అది వంద ఫోనులలో ఎప్పటికీ ఉండిపోతుంది. "తరగతిలో గజ్జి కనిపించింది, మీ పిల్లల వేళ్ల సందులు చూడండి" అంటే చాలు.

భద్రంగా ఎలా ఉంచాలి? ఎలా తీసివేయాలి?

చెదలు, వాన, ఎలుకలు మన కాగితాలకు ముగ్గురు శత్రువులు. కోస్తా జిల్లాలలో తుఫాను కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగినప్పుడు కింది అరలలో ఉన్న కాగితాలు ఏమయ్యాయో ఆ ప్రాంతపు సంఘస్థులకు తెలుసు. ఇనుప బీరువా పై అరలో, ప్లాస్టిక్ కవరులో, గోడకు ఆనించకుండా ఉంచండి. తాళం ఒకరి దగ్గరే ఉండాలి. ఎవరు ఎప్పుడు తీశారో ఒక చిన్న పుస్తకంలో వ్రాయాలి. అడ్మిషన్ రిజిస్టరు నకలు ఒకటి వేరే భవనంలో, ఉదాహరణకు పాస్టరేట్ ఆఫీసులో ఉంచడం మంచిది.

ప్రతి ఏప్రిల్ నెలలో ఒక రోజు కేటాయించి గడువు తీరిన కవరులను విడదీయండి. ఏ సంవత్సరపు ఏ కాగితాలు తీసివేశారో ఒక వరుస వ్రాసి ఇద్దరు సంతకం చేయండి. తరువాత వాటిని ముక్కలుగా చింపి తడిపివేయండి లేదా యంత్రంలో వేసి తురమండి. తూకానికి అమ్మవద్దు. కిలోకు వచ్చే నాలుగు రూపాయల కోసం ఒక పాప పేరు, ఫోటో, ఇంటి చిరునామా, తల్లి ఫోను నంబరు ఎవరి చేతిలో పడతాయో మనకు తెలియదు.

బడి మూతపడితే టీచర్లు తలా ఒక పుస్తకం ఇంటికి తీసుకువెళ్లకూడదు. రిజిస్టర్లను నడిపిన సంఘానికి లేదా మిషన్ ఆఫీసుకు వ్రాతపూర్వకంగా అప్పగించి, మండల విద్యాధికారికి తెలియజేసి, ఫలానా చోట దొరుకుతాయని తల్లిదండ్రులకు చెప్పాలి.

ఆసుపత్రి కాగితాల సంగతి

"మీ ఆసుపత్రిలోనే పుట్టాడు, మీ దగ్గర అన్నీ ఉంటాయి గదా?" అని అడుగుతుంటారు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుండి మూడేళ్లు ఉంచాలి. రోగి గాని, అతని తరఫు అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటలలోగా ఇవ్వాలి. మూడేళ్లు అంటే బిడ్డ నర్సరీలో చేరే నాటికే ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి ప్రసవం, నెలలు నిండకుండా పుట్టడం, పసిరికలకు లైటు కింద ఉంచడం, ఆపరేషన్, రక్తం ఎక్కించడం వంటి వాటి డిశ్చార్జి కాగితాన్ని ఇంటికి వెళ్లే రోజే అడిగి తీసుకోండి. తప్పక అడగండి, అది మీ హక్కు.

తల్లిదండ్రులు ఇంట్లో చేయవలసినవి

ప్రతి బిడ్డకూ ఒక్కొక్క ఫైలు పెట్టండి. అందరివీ కలిపి ఒక సంచిలో వేయవద్దు. అందులో ఉండవలసినవి: జనన ధృవీకరణ పత్రం, తల్లీ బిడ్డల సంరక్షణ కార్డు, ఇతర టీకా చీటీలు, డిశ్చార్జి కాగితాలు, రక్తం గ్రూపు, పడని మందుల పేర్లు, కుక్కకాటు టీకాల చీటీ, కళ్లజోడు చీటీ, బాప్తిస్మపు పత్రం, నర్సరీ ఇచ్చిన టీసీ. వీటన్నిటినీ ఫోనుతో ఫోటో తీసి ఇంట్లో మరొకరి ఫోనులో కూడా ఉంచండి. 2024 అక్టోబరులో దేశమంతటా ప్రారంభమైన యూ-విన్ లో మీ బిడ్డ టీకాలు నమోదు అయ్యాయా అని ఏఎన్ఎంను అడగండి. నమోదు అయితే ధృవపత్రం మళ్లీ పొందవచ్చు. అంతమాత్రాన చేతిలోని కార్డు పారవేయవద్దు.

బిడ్డ నర్సరీ విడిచే రోజున ప్రధానోపాధ్యాయురాలిని మూడు ప్రశ్నలు అడగండి:

"మా బిడ్డ అసలు కాగితాలు ఏవైనా మీ దగ్గర ఉన్నాయా అమ్మా?"

"బడిలో ఉన్నన్నాళ్లు జరిగిన ప్రమాదాలు, ఫిట్స్, అలర్జీలు ఒక కాగితం మీద వ్రాసి ఇస్తారా?"

"మీ దగ్గర మిగిలేవి ఎన్నేళ్లు ఉంచుతారు, ఎవరి దగ్గర ఉంటాయి?"

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగల బడి, మిగిలిన విషయాలలో కూడా మీ బిడ్డను జాగ్రత్తగా చూసి ఉంటుంది.

టీకా కార్డు ఇప్పటికే పోయి ఉంటే?

సిగ్గుపడి ఆసుపత్రికి రావడం మానవద్దు. మొదట టీకా వేసిన ఉపకేంద్రంలో ఏఎన్ఎం రిజిస్టరు చూడమనండి. అంగన్‌వాడీలో, నర్సరీలో నకలు ఉందేమో అడగండి. ఎక్కడా దొరకకపోతే బిడ్డను తీసుకుని రండి. వయసును బట్టి ఏవి మళ్లీ వేయాలో వైద్యులు చెబుతారు. తట్టు, రుబెల్లా టీకా ఒక డోసు ఎక్కువ పడినందువల్ల కీడు లేదు, పడకుండా ఉండిపోతేనే కీడు. డీపీటీ మాత్రం ఏడేళ్లు దాటాక వేయరు. దాని బదులు టీడీ వేస్తారు. కాబట్టి ఆలస్యం చేయవద్దు.

ఈ పత్రిక చదివిన తరువాత ఈ ఆదివారం సాయంత్రం ఒక గంట కేటాయించి మీ పిల్లల ఫైళ్లు విప్పి చూడండి. సండే స్కూలు, నర్సరీ నడిపే సంఘ కమిటీలు వచ్చే సమావేశంలో పై ఆరు అంశాలను చదివి, మార్పులు చేర్పులు చేసుకుని, తీర్మానంగా వ్రాసి ఆఫీసు గోడకు అంటించండి. దేవుడు మనకు అప్పగించిన చిన్నవారి పేరు, వయసు, ఆరోగ్యం మన చేతిలో ఉన్న ఆ కొద్దిపాటి కాగితాలలో ఉన్నాయి. వాటిని కాపాడడం కూడా సేవయే.